నా భార్య గోలీలు, నా హార్మోనియం

ఆ రోజు పొద్దుగాల సుజాత ఆవులింతలు తీస్తనే ఉన్నది. నిద్ర చాలక వచ్చే ఆవులింతలు కావవి. ఒకటి అయిపోకముందే ఇంకోటి, కండ్లల్ల నీళ్లు కారంగ, దవడ నొప్పి లేసేటట్టు తీస్తున్నది. ముక్కు ఆగకుండ కారుతున్నది. ఏప్రిల్ ఎండకు మేమందరం ఫ్యాను కింద చెమటలు కక్కుతుంటె, ఆమె చేతుల మీద వెంట్రుకలు నిక్కి నిలవడ్డయి. చలి అని దుప్పటి కప్పుకున్నది. రెండు నిమిషాలకు ఉడుకు అని తీసి పారేసింది.

లాక్‌డౌన్ పెట్టి అప్పటికి నెల కావస్తున్నది. మేముండేది సూరత్‌ల బమ్రోలి. మూడంతస్తుల బిల్డింగుల రెండో అంతస్తు మీద ఒక్క రూము, వంటిల్లు. ఇరవై రెండేండ్ల కింద కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి సాంచల మీద, అంటె మరమగ్గాల మీద, పనికి కుదిరిన. సుజాత ఇంట్లనే కూసొని చీరెలకు రాళ్లు అతికేది. మాకు ఒక్కతే బిడ్డ, శ్రావణి. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్ల ఉన్నది. ఇక్కడనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగుల మొదలుపెట్టి హిందీల ముగిస్తది. ఫోన్ల ఏదో చదివి నా దగ్గరికి వచ్చింది.

"బాపు, మమ్మీకి సారే సింప్టమ్స్ కరోనా లెక్కనే ఉన్నయి" అన్నది.

మా వరండల ఆరు కుటుంబాలు ఉంటయి, అందరికీ ఒక్కటే నల్లా. ఈ సంగతి పది నిమిషాలల్ల అందరికీ తెలిసింది. తలుపులన్నీ పడ్డయి. అంబులెన్సోళ్లు వచ్చి సుజాతను సర్కారు దవాఖానకు తీసుకపోయిండ్రు. నేను పర్మిషన్ చిట్టి పట్టుకొని ఎనక సైకిల్ మీద పోయిన.

ముక్కుల పుల్ల పెట్టి స్వాబ్ తీసిండ్రు. రిపోర్ట్ వచ్చేదాక అనుమానం వార్డుల ఉంచిండ్రు. నన్ను లోపలికి రానియ్యలె, బయట షెడ్డు కింద కూసున్న. రెండో రోజు రిపోర్ట్ నెగెటివ్ వచ్చింది. కాని మనిషి ఇంకా అధ్వానమైంది. వాంతులు, విరేచనాలు. కాళ్లు ఒక్క జాగల నిలవకుండ మంచాన్ని తన్నుతున్నయట. లోపల డ్యూటీల ఒక డాక్టరమ్మ ఉండె. నెత్తి నుంచి కాళ్లదాక ప్లాస్టిక్ బట్ట, కండ్లొక్కటే కనవడుతున్నయి. నన్ను పిలిపించి, సుజాత కండ్లల్ల టార్చి కొట్టి చూసుకుంటనే హిందీల అడిగింది, ఈమె రోజూ ఏమన్న మందు ఏసుకుంటదా అని.

నడుము నొప్పికి ఒక గోలీ ఏసుకుంటది మేడం అన్న.

ఎన్ని అన్నది.

ఒకటో రెండో అన్న. నాకు నిజంగ అంతే తెలుసు.

సుజాత గోడ దిక్కు మొఖం తిప్పుకున్నది. అట్ల తిప్పుకునే చెప్పింది, "పద్నాలుగు."

డాక్టరమ్మ కోప్పడలె. టార్చి జేబుల పెట్టుకున్నది. "ఇది కరోనా కాదు, విత్‌డ్రాయల్. ఒంటికి అలవాటైన ఓపియాయిడ్, అంటె నల్లమందు జాతి మందు, అందకుంటె ఇట్లనే అయితది. లాక్‌డౌన్ల మీకు అది దొరికే మెడికల్ షాపు బందైందా?" అని అడిగింది. అయింది. డాక్టర్ చిట్టి లేకుండ ఇచ్చే షాపాయిన ఊరికి పోయిండు. ఆ సంగతి సుజాతకు తెలుసు, నాకు తెల్వదు.

ఇక్కడ నా తప్పు చెప్పాలె. అంతకు మూడేండ్ల ముందు సుజాత చీరెల మూట పట్టుకొని తడి మెట్ల మీద జారిపడ్డది. ఎక్స్‌రేల ఎముకలు మంచిగనే ఉన్నయన్నరు. నొప్పి మాత్రం పోలె. కూసుంటె లేవరాదు, లేస్తె కూసోరాదు. మా సాంచల ఖాతాల, అంటె కార్ఖానల, పన్నెండు గంటల షిఫ్టుకు నిలవడాలంటె చాలామంది చాయ్‌తోని ఒక గోలీ ఏసుకుంటరు. నేను కూడ అప్పుడప్పుడు ఏసుకున్న. ఏసుకుంటె కాళ్లు మనయి కానట్టు ఉంటది. అవ్వే రెండు గోలీలు కాయితంల చుట్టి జేబుల పెట్టుకొచ్చి నేనే ఆమె చేతుల పెట్టిన. తెల్లారి ఆమె బట్టలు పిండింది, నవ్వుకుంట పనిల కూసున్నది. నాకు ఎంత సంతోషమైందో. ఆ సంతోషం యాదికొస్తె ఇప్పటికీ సిగ్గనిపిస్తది.

దవాఖానల సైకియాట్రీ ఓపీడీకి పంపిండ్రు. అక్కడ ఇంకో నడివయసు డాక్టరమ్మ ఉండె, అప్పటి నుంచి మమ్ముల చూస్తున్నది ఆమెనే. ఆమె చెప్పిన మొదటి మాట: "ఈమె చెడ్డది కాదు. ఒళ్లు మందుకు అలవాటు పడ్డది. దీన్ని డిపెండెన్స్ అంటరు, జబ్బే ఇది." రెండో మాట: "ఒక్కసారే బందు చెయ్యొద్దు. టేపర్ చేద్దాం." అంటె వారం వారం కొద్దికొద్దిగ తగ్గించుడు. మందులు నా చేతుల ఉండాలె, టైముకు నేనే ఇయ్యాలె. దానికి తోడు నిద్రకు, కాళ్ల గుంజుడుకు వేరే మందులు రాసింది.

ఇంటికొచ్చినంక అసలు కష్టం మొదలైంది. గోలీల డబ్బా నా అంగి జేబుల పెట్టుకున్న, పండుకున్నా అక్కడనే. కొన్నాళ్లకు సుజాత నా మొఖం చూసి మాట్లాడుడు బందు చేసింది, నా జేబు చూసి మాట్లాడుతుండె. ఇంకొక్కటి ఇయ్యమని బతిమాలేది. ఇయ్యకపోతె, నువ్వే కదా తెచ్చింది, తెచ్చిననాడు ఎటుపోయింది ఈ తెలివి అనేది. శ్రావణి వంటింట్ల చెవుల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కూసునేది.

సాంచలు బందైనయి గనుక మా ఏరియా మొత్తం నిశ్శబ్దం. ఇరవై రెండేండ్లల్ల అంత నిశ్శబ్దం నేను ఇనలె. అప్పుడే తెలిసింది, నా చెవుల్ల ఎప్పుడూ ఒక ఈల మోగుతుంటదని. సాంచల చప్పుడుల అది ఎన్నడూ బయటవడలె. పగలంతా ఆ ఈల, సుజాత మూలుగు, ఈ రెండే. పిచ్చి లేస్తదేమో అనిపించింది.

మా మంచం కింద ఒక హార్మోనియం ఉండె. అది నాది కాదు. కరీంనగర్ దిక్కు వాళ్లం కొందరం కలిసి శనివారం శనివారం భజన చేసేది. అందర్ల పెద్దాయన మల్లేశం మామ హార్మోనియం వాయించేది, నేను తాళాలు కొట్టేది, అంతే నాకొచ్చిన సంగీతం. లాక్‌డౌన్ల భజన రూము ఖాళీ చేసినప్పుడు మామ దాన్ని నాకిచ్చిండు. తనింట్ల మనుమలు మెట్లు ఊడవీకుతరని. ఒకనాడు సాయంత్రం సుజాతతోని కొట్లాట అయినంక, ఏం చెయ్యాల్నో తోచక ఆ పెట్టె ఎత్తుకొని పైకప్పు మీదికి పోయిన. తిత్తి గుంజి ఒక్క మెట్టు ఒత్తిన. చెవుల్ల ఈల ఆ స్వరం కింద మునిగిపోయింది. ఒత్తి పట్టినంతసేపు రాలె. నేనట్లనే కూసున్న, ఒక్క మెట్టు మీద ఏలు పెట్టి, పొద్దు గూకేదాక.

తెల్లారి మల్లేశం మామకు ఫోన్ చేసిన. నాకు నేర్పుతవా అన్న. సుజాత సంగతి కూడ చెప్పిన. మామ మొత్తం ఇన్నడు. తర్వాత చెప్పిండు.

"మెట్ల మీద ఏళ్లు ఆడిచ్చుడు తర్వాత నేర్తువు. ముందు ఎడమచెయ్యి సూడు. తిత్తి ఒక్కతీరుగ గుంజాలె, గాలి తెగొద్దు. నెల రోజులు ఒక్క 'స' పట్టు, ఇంకేం ముట్టకు."

నెల రోజులు ఒక్క 'స' పట్టిన. రోజూ సాయంత్రం అరగంట. ఎడమచేతికి పని, కుడిచేతికి పని, చెవికి పని. జేబుల డబ్బా సంగతి, రేపటి సంగతి మనసుల మెదలడానికి జాగ లేకపోయేది. తర్వాత మామ ఫోన్లనే సరళీ స్వరాలు చెప్పిండు, ఆ తర్వాత మేం భజనల పాడే పాటలు. నా చేతి ఏళ్లు మొద్దు. దారం తెగితె ముడేసుడు వచ్చు గని మెట్ల మీద తడవడేది. అయినా ఆ అరగంట నుంచి కిందికి దిగినప్పుడు, సుజాత ఎన్ని మాటలన్నా తిరిగి అనకుండ ఓర్సుకునే బలం కొంత ఉండేది.

ఎండాకాలం పోయి సాంచలు మల్ల నడిచినయి. చలికాలం వరకు సుజాత మందు సగానికంటె తక్కువకు వచ్చింది. మంచిగ తింటున్నది, మల్ల రాళ్లు అతుకుతున్నది. డాక్టరమ్మ భేష్ అన్నది. నేను కూడ జర నిమ్మలపడ్డ. అరగంట కాస్త గంట అయింది, ఆదివారం రెండు గంటలు. నిజం చెప్పాల్నంటె ఇంట్ల ఉండబుద్ధి కాకపోయేది. పైకప్పు మీదికి పోతున్న అని కూడ చెప్పకపోయేది, పెట్టె ఎత్తుకొని మెల్లగ జారుకునేది.

కరోనా రెండో అల వచ్చింది. ఒక ఆదివారం నాలుగు గంటలప్పుడు నేను పైన కూసొని వాయిస్తున్న. ఎవరో నా భుజం గట్టిగ పట్టి ఊపిండ్రు. మా పక్క రూముల ఉండే ఒడియా ఆయన. నీ బిడ్డ తల్లిని ఇడిచి పైకి రాలేక పది నిమిషాల నుంచి మెట్ల కాడ నిలవడి మొత్తుకుంటున్నది, ఇనవడుతలేదా అన్నడు. ఇనవడలె. సాంచలు సగం చెవులు తిన్నయి, మిగిలిన సగం హార్మోనియంల పెట్టిన.

కింద సుజాత వంటింట్ల పడి ఉన్నది. ఒళ్లంత కొయ్యబారి కొట్టుకుంటున్నది, నోట్లె నురగ, నాలిక కరుచుకున్నది. శ్రావణి తల్లి తలను ఒళ్లె పెట్టుకొని నా దిక్కు చూసింది. ఆ చూపు నేను మరువలె.

దవాఖానల కాలు పెట్టడానికి జాగ లేదు. ఎటు చూసినా ఆక్సిజన్ సిలిండర్లు, స్ట్రెచర్ల మీద మనుషులు, కింద మనుషులు. సుజాతకు వరండల ఒక గోడ పక్క చెద్దరు పరిచి సూది ఇచ్చిండ్రు. సీటీ స్కాన్‌ల ఏం లేదన్నరు. సైకియాట్రీ డాక్టరమ్మను కూడ కరోనా డ్యూటీకే ఏసిండ్రు, అయినా కబురు పంపితె పరుగున వచ్చింది. "ఈ మందు ఎక్కువైతె ఫిట్స్ వస్తయి. ఈమె నేను రాసిన లెక్కల లేదు. ఇంకెక్కడికెల్లి వస్తున్నదో చూడండ్రి" అని చెప్పి మల్ల వార్డుకు పోయింది.

ఇంటికొచ్చి వెతికిన. రాళ్ల పొట్లాలల్ల దొరికినయి. చీరెలకు అతికే ఎర్రరాళ్ల కింద, పచ్చరాళ్ల కింద, గోలీల పట్టీలు. శ్రావణి నా ఎనక నిలవడ్డది. నేను అడగకముందే ఏడ్చింది. ఏడుస్తె ఆ పిల్లకు హిందీనే వస్తది.

"మమ్మీ రోతీ థీ బాపు. మై క్యా కర్తీ?" అన్నది.

అమ్మ ఏడుస్తుంటె నేనేం చేద్దును అని. మొదలు కడుపునొప్పి మందు అని చెప్పి పిల్లతోని మెడికల్ షాపుల తెప్పించుకున్నదట. తర్వాత పిల్లకు అర్థమైంది, కాని అప్పటికి తల్లి ఏడుపు చూడలేకపోయింది. నాలుగు నెలలు ఆ పదహారేండ్ల పిల్ల ఈ బరువు ఒక్కతే మోసింది. నేను పైకప్పు మీద పాటలు నేర్సుకుంటున్న.

అప్పుడు నేనన్న మాట రాయాల్నంటె చెయ్యి వస్తలేదు, అయినా రాస్తున్న. మీ అమ్మను నీ చేతులతోనే చంపేటట్టున్నవ్ అన్న. మొట్టమొదలు ఆ గోలీని ఇంట్లకు తెచ్చినోడిని నేను, ఆ మాట నా బిడ్డను అన్న.

ఆ రోజే హార్మోనియం గుడ్డల చుట్టి అటక మీద పెట్టిన. మల్లేశం మామ ఫోన్ చేస్తె ఎత్తలె. ఇగ నా పని కావలి కాసుడే. సుజాత బాత్రూముకు పోతె తలుపు బయట నిలవడేది. ఆమె కొంగు ముడులు విప్పి చూసేది. షిఫ్టుల ఉన్నప్పుడు గంటకొకసారి ఇంటికి ఫోన్ చేసేది. రాత్రికి నా చెవుల్ల ఈల తలను తొలిచేది. బీపీ లెక్క పెరిగింది. ఒకనాడు సాంచల ముందల కండ్లు తిరిగి పడవోతుంటె పక్కాయన గుంజి కూసోబెట్టిండు, లేకుంటె చెయ్యి పోయేది. అంత కావలి కాసినా సుజాత నెలల రెండుసార్లు ఎక్కడనో సంపాదించి ఏసుకున్నది.

రెండో అల తగ్గి ఓపీడీ మల్ల తెరిచిండ్రు. ముగ్గురం పోయినం. డాక్టరమ్మ సుజాతను చూసినంక నా దిక్కు తిరిగి, మీరెట్ల ఉన్నరు అని అడిగింది. ఏడాది కింది నుంచి ఎవ్వరు ఆ మాట అడగలె. మంచిగున్న అందామనుకున్న, అనలె. హార్మోనియం సంగతి చెప్పిన, నేను ఇనకపోవుడు చెప్పిన, అటక మీద పెట్టుడు చెప్పిన. ఇగ దాన్ని ముట్ట మేడం అన్న.

అప్పుడు సుజాత మాట్లాడింది. ఆమె ఆ రూముల తనంతట తాను మాట్లాడుడు అదే మొదటిసారి.

"పెట్టె ఉన్నప్పుడు ఈయన నా నుంచి పారిపోతుండె మేడం. పెట్టె పక్కకు పెట్టినంక నన్ను దొంగలెక్క కావలి కాస్తుండు. నాకు రెండూ వద్దు. వాయించుకొమ్మనుండ్రి, కాని నాకు చెప్పి వాయించుకొమ్మనుండ్రి."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "నేను ఏడాది కింద చెప్పాల్సిన మాట ఈమె చెప్పింది" అన్నది. తర్వాత నాకు చెప్పింది, చూసుకునే మనిషి పడిపోతె జబ్బు మనిషిని ఎవ్వరు లేపలేరని. అరగంట నీది, అది ఆమె నుంచి దొంగిలించొద్దు, అడిగి తీసుకో అన్నది. కావలి సంగతి కూడ తేల్చింది. గోలీలు ఇచ్చుడు నా పని, కొంగు విప్పి చూసుడు నా పని కాదు. ఏసుకుంటె ఏసుకున్న అని చెప్పుడు సుజాత పని, చెప్పినప్పుడు కోప్పడకుండ ఉండుడు మా పని. శ్రావణిని బయట కూసోబెట్టి వేరేగ మాట్లాడింది. ఏం మాట్లాడిందో నేను అడగలె. బస్సుల మాత్రం నా బిడ్డకు చెప్పిన, ఆనాడన్న మాట తప్పని. శ్రావణి కిటికీలకెల్లి బయటికే చూసింది. సరే బాపు అన్నది. అంతే.

హార్మోనియం కిందికి దించితె రెండు మెట్లు బిగుసుకపోయి ఉన్నయి. మల్లేశం మామకు ఫోన్ చేసి మాఫీ అడిగిన. ఆయన తిట్టలె, మెట్ల కింద దుమ్ము ఎట్ల తుడవాల్నో చెప్పిండు. ఇప్పుడు పైకప్పు మీదికి పోను. తలుపు తెరిచి పెట్టి, గడప పక్కన, సుజాత రాళ్లు అతికే జాగకు ఎదురుంగ కూసుంట. అరగంట వాయించుకుంట అని చెప్త. కొన్ని రోజులు ఊ అంటది. కొన్ని రోజులు, ఇయ్యాల తల పగులుతున్నది వద్దు అంటది, అప్పుడు మూసి పక్కకు పెడ్త. ఆమెకు పాటల మీద అంత పాణమేం లేదు. నేను తప్పు మెట్టు ఒత్తితె మాత్రం తల ఎత్తి చూస్తది.

ఇది రాసేనాటికి సుజాత డాక్టరమ్మ రాసిన మందు మీదనే ఉన్నది, నెలకొకసారి ఓపీడీకి పోతం. పూర్తిగ తగ్గిందని చెప్పలేను. నడుము నొప్పి ఉన్నది, దానికి ఫిజియోథెరపీ నడుస్తున్నది. కిందటేడు ఒక రిలాప్స్ అయింది. నేను షిఫ్టు నుంచి వచ్చి చెప్పులు ఇడుస్తుంటె తనే వచ్చి, ఇయ్యాల రెండు ఏసుకున్న అన్నది. ఎక్కడికెల్లి వచ్చినయని నోటిదాక వచ్చింది. ఆపుకున్న. మంచిగ చెప్పినవు, రేపు దవాఖానకు పోదాం అన్న. ఆమె అక్కడనే గోడకు ఒరిగి కూసొని ఏడ్చింది. ఐదేండ్ల జబ్బుల నాకు జర ధైర్యమిచ్చిన రోజు అదొక్కటే. శ్రావణి కాలేజీకి పోతున్నది. తల్లి మెడికల్ షాపు దిక్కు పొమ్మంటె ఇప్పటికీ పోదు, జ్వరం గోలీకైనా నేనే పోవాలె. నా చెవులకు ఆడియోగ్రామ్ తీసిండ్రు. ఈల ఉంటది, పోదు అన్నరు.

నాలెక్క ఇంట్ల ఇసొంటి జబ్బు మనిషిని చూసుకునేటోళ్లకు ఒక్క మాట. మీకు ఊపిరి ఇచ్చే పని ఏదన్న ఒకటి పెట్టుకోండ్రి. పాట కానీయండ్రి, పూజ కానీయండ్రి, నడక కానీయండ్రి. అది ఇడిచిపెడితె మీరు ఆగమైతరు, నేను ఆగమైన. కాని పోయేముందు మీ మనిషికి చెప్పి పోండ్రి, ఎక్కడుంటరో, ఎంతసేపుంటరో. పిలిస్తె ఇనవడే కాడ కూసోండ్రి.